అంగడి పేరు మీద అణా

బెంగళూరు నగర్తపేట సందుల్లో పాత రాగి, ఇత్తడి తూకానికి కొనే గుజిరి అంగడి ముందు నిలబడి "బిళ్ళలేమైనా ఉన్నాయా?" అని అడిగితే ఒక రేకు డబ్బా తెచ్చి గోనెపట్టా మీద బోర్లిస్తారు. సైకిల్ స్టాండు బిళ్ళలు, మిల్లు హాజరు బిళ్ళలు, హోటలు టోకెన్లు, గుడి ముందు చెప్పుల నంబర్లు, ఏ క్లబ్బువో తెలియని ఇత్తడి ముక్కలు అన్నీ కలగలిసి పడతాయి. "ఏరుకోండి సార్, తూకానికే ఇస్తా" అంటాడు అంగడాయన. చాలా ఏళ్ళుగా ఏరుతున్నాను. నేను వెతికేది మాత్రం ఆ గుట్టల్లో ఒక్కసారి కూడా కనపడలేదు. రెండో ప్రపంచ యుద్ధం నాడు చిల్లర దొరక్క, వ్యాపారి తన అంగడి పేరు చెక్కించి "ఇది అణా" అని ఖాతాదారు చేతిలో పెట్టిన లోహపు బిళ్ళ అది. అమెరికాలో అంతర్యుద్ధం నాటివి లక్షల్లో దొరుకుతాయి. ఇంగ్లండులో ఊరూరికీ పట్టికలున్నాయి. వ్యాపారమే ఊపిరిగా బతికిన ఈ పేటలో ఎందుకు లేవు?

సేకరించేవాళ్ళలో ఎక్కువమంది ఈ ప్రశ్న వేసుకోరు. లేనిదాని కోసం వెతుకుతూ, ఉన్నదాన్ని చెత్తలోకి పోనిస్తున్నారు. మన యుద్ధకాలపు అంగడి నాణెం లోహం కాదనీ, అట్టముక్క అనీ, దాన్ని పాత ఇత్తడి గుట్టల్లో కాక పాత కాగితాల కట్టల్లో వెతకాలనీ నాకు అర్థం కావడానికి ఏళ్ళు పట్టింది.

ముందు చోటు గురించి. నగర్తపేట పేరు నగర్తులనే వర్తక సమాజం నుంచి వచ్చింది. 1537లో కెంపేగౌడ పునాది వేసిన పేటలో ఒక్కో వీధి ఒక్కో సరుకు పేరుతో, ఒక్కో వృత్తి పేరుతో ఏర్పడింది. అక్కిపేట, రాగిపేట, గాణిగరపేట, బళేపేట, అరళేపేట అలా వచ్చినవే. లోహంతో పనిచేసే విశ్వకర్మలు కొలిచే కాళికాంబ కమఠేశ్వరుల గుడి నగర్తపేటలోనే ఉంది. నేడు అవెన్యూ రోడ్డు అంటున్న దొడ్డపేట కూతవేటు దూరం. గల్లాపెట్టె దగ్గర కన్నడం, తెలుగు, తమిళం, మార్వాడీ, ఉర్దూ అన్నీ వినపడతాయి. కోమట్లు, బలిజలు, దేవాంగులు తరాల తరబడి ఈ పేటల్లో తెలుగులోనే బేరమాడారు. కోస్తాలో "చిల్లు కానీ" అన్నదాన్ని ఇక్కడి తెలుగువాళ్ళు కన్నడిగులతో కలిసి "తూతు కాసు" అంటారు. ఆ తూతు కాసు ఎలా పుట్టిందో చెబితే సగం కథ చెప్పినట్టే.

బెంగళూరుకు ఒకప్పుడు సొంత టంకశాల ఉండేది. మైసూరులోని టంకశాలను 1833లో ఇక్కడికి మార్చారు, 1843లో మూసేశారు. "మయిలి కాసు" అని కన్నడంలో రాసి ఉన్న రాగి నాణేల పరంపర అక్కడితో ఆగింది. ఆ తర్వాత మైసూరు సంస్థానం బ్రిటిష్ ఇండియా నాణేలతోనే బతికింది. హైదరాబాదు సంగతి వేరు. నిజాంకు సైఫాబాదులో టంకశాల ఉంది, ఉస్మానియా సిక్కా ఉంది, మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువొస్తే 1918లో సొంత నోట్లు కూడా వేసుకున్నాడు. బెంగళూరు వర్తకుడికి ఆ వెసులుబాటు లేదు. కలకత్తా, బొంబాయి టంకశాలల నుంచి చిల్లర రాకపోతే ఇక్కడ గల్లా ఖాళీ.

అలా ఖాళీ అవడం వెండి రూపాయితో మొదలైంది. 1940 వేసవిలో ఫ్రాన్సు కూలిపోగానే జనం నోట్లు ఇచ్చి వెండి రూపాయలు పట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. ఆ జూన్‌లో ప్రభుత్వం అవసరానికి మించి నాణేలు దగ్గర పెట్టుకోవడం నేరమని ఆజ్ఞ వేసింది. జులైలో రూపాయి నోటు దించింది. దాని మీద 1935 అని ఉంటుంది, ముందే అచ్చువేసి దాచిపెట్టినది. అదే ఏడు పావలా, అర్ధరూపాయి, రూపాయిల్లో వెండిని పదకొండు పన్నెండో వంతుల నుంచి సగానికి తగ్గించారు. పాత వెండిని వెనక్కి రప్పించడానికి 1941లో విక్టోరియా రూపాయలను, ఆ తర్వాత ఎడ్వర్డ్ రూపాయలను, 1943లో జార్జి పేరున్న మంచి వెండి రూపాయలను చెల్లవని ప్రకటించారు. ఇలా ఒక్కో ప్రకటన వచ్చినప్పుడల్లా ఇంట్లో పెద్దవాళ్ళకు ఒకటే తోచింది: చేతిలో ఉన్న లోహాన్ని వదలకూడదు. మన ఇళ్ళల్లో విక్టోరియా రూపాయలు కాసులపేరులోకి, మొలతాడులోకి, పసిపిల్లల గజ్జెల్లోకి చేరిన కాలాల్లో ఇదొకటి.

వెండి దాగితే పెద్ద లావాదేవీకి నోటుంది. చిన్నదానికి ఏముంది? 1941 డిసెంబరులో జపాను యుద్ధంలోకి దిగింది. రంగూను పడింది, బర్మా నుంచి తెలుగువాళ్ళు కాలినడకన తిరిగొచ్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. మదరాసు ఖాళీ అయింది. భయంలో మనిషి మూటగట్టేది నోట్లను కాదు. దానికి తోడు ధరలు పెరిగాయి, సైన్యం జీతాలు పెరిగాయి, చెలామణిలో ఉన్న నోట్లు యుద్ధం మొదట్లో ఉన్న సుమారు 180 కోట్ల రూపాయల నుంచి చివరికి 1,100 కోట్లు దాటాయి. నోట్లు ఇన్ని రెట్లు పెరిగినప్పుడు వాటిని విడగొట్టే అణాలూ కానీలూ అదే లెక్కన పెరగాలి. రాగి, నికెలు మందుగుండుకు కావాలి. టంకశాలలు రాత్రింబవళ్ళు తిరిగినా అందుకోలేకపోయాయి. 1942లో అర్ధణా, అణా, బేడలను పసుపుపచ్చని నికెలు ఇత్తడితో వేశారు. దమ్మిడీ ఆగిపోయింది. 1943లో లాహోరులో కొత్త టంకశాల తెరిచారు. అదే ఏడు దాదాపు అయిదు గ్రాముల కంచు కానీని రెండు గ్రాములకు దించి మధ్యలో చిల్లు పొడిచారు. రాజు బొమ్మకు చోటు లేక ఉత్త కిరీటం మిగిలింది. తూతు కాసు అదే. రాగి ఎంత పొదుపు చేయాల్సి వచ్చిందో ఆ చిల్లే చెబుతుంది.

ఇప్పుడు 1943లో నగర్తపేట గల్లా ముందు కూచున్నవాడి సంగతి చూడండి. దండులో, అంటే కంటోన్మెంటులో, సైన్యం కిటకిటలాడుతోంది. 1940 డిసెంబరులో పెట్టిన హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్ఖానా, బిన్నీ మిల్లు కూలీల చేతుల్లో నోట్లు పోస్తున్నాయి. కొనుగోలుదారు మూడణాల సరుకు తీసుకుని రూపాయి నోటు చాపుతాడు. పదమూడణాలు తిరిగివ్వాలి, గల్లాలో రెండు పసుపు బేడలు తప్ప ఏమీ లేవు. వర్తకుడికి దారులు కొన్నే. ఇంకేదైనా కొనిపించాలి. లేదంటే రోజుచిట్టాలో పేరు రాసి బాకీ పెట్టుకోవాలి. తపాలా బిళ్ళలు ఇవ్వొచ్చు, జేబులో చెమటకు అవి అంటుకుపోతాయి. తెలిసినవాడైతే ఖాతా, తెలియనివాడైతే చీటీ. అరచేతిలో సగముండే అట్టముక్క మీద అంగడి పేరు, వీధి, "1 అణా", రబ్బరు ముద్ర, వీలైతే చిన్న సంతకం. మళ్ళీ వచ్చినప్పుడు ఇదిచ్చి సరుకు పట్టుకెళ్ళమని అర్థం.

ఆ అట్టముక్క లోపలి లెక్క గమనించదగ్గది. ఖాతాదారు వడ్డీ లేకుండా అంగడికి అప్పిచ్చినట్టు. తిరిగి అదే అంగడికి రావాలి కాబట్టి బేరం కట్టేసినట్టు. నీళ్ళలో తడిసిన చీటీ, చాకలి మూటలో పోయిన చీటీ, ఊరొదిలిపోయిన సిపాయి జేబులోని చీటీ అన్నీ వర్తకుడికి మిగులు. అయినా జనం తీసుకున్నారంటే ఆ పేరు మీద నమ్మకం ఉంది. పక్క అంగడివాడు కూడా ఆ చీటీని తీసుకుని సాయంత్రం లెక్క తేల్చుకుంటే అది వీధి నాణెం అయిపోయేది. చీటీ ఎంత దూరం చెల్లిందో ఆ అంగడి పరపతి అంత దూరం ఉందన్నమాట. నాకు ఈ సేకరణలో అన్నిటికన్నా విలువైన సమాచారం ఇదే. రాజు నాణెం ఎక్కడైనా చెల్లుతుంది, అది ఏ వీధినీ చూపించదు. అంగడి చీటీ మాత్రం తన వీధిని ఒంటి మీద రాసుకుని తిరుగుతుంది.

మరి బిళ్ళ ఎందుకు పోయించలేదు? అచ్చు చెక్కే విశ్వకర్మ పక్కవీధిలోనే ఉన్నాడు, ఇత్తడి రేకు ఖరీదైనా దొరుకుతుంది. దీనికి జవాబు 1889 నాటి ఒకటో నంబరు చట్టం, మెటల్ టోకెన్స్ యాక్ట్. ప్రైవేటు వ్యక్తులు డబ్బుగా వాడేందుకు లోహపు ముక్కలు తయారుచేయడం, జారీ చేయడం, జారీకి దగ్గర పెట్టుకోవడం కూడా ఆ చట్టం కింద నేరం. యుద్ధం వచ్చేనాటికి దానికి యాభై ఏళ్ళు. చిన్న వర్తకుడికి సెక్షన్లు తెలియకపోవచ్చు, అచ్చులు చెక్కేవాడికి మాత్రం నాణెంలాంటిది చేస్తే పోలీసు వస్తాడని బాగా తెలుసు. కాగితానికీ పూర్తి స్వేచ్ఛ లేదు. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 31వ సెక్షను ప్రకారం "తెచ్చినవారికి అడిగిన వెంటనే చెల్లిస్తాం" అనే పత్రాన్ని రిజర్వు బ్యాంకు, కేంద్ర ప్రభుత్వం తప్ప ఎవరూ ఇవ్వకూడదు. అంగడి చీటీల మీద చెల్లింపు హామీ కాకుండా సరుకు మాట, కూపను అనే మాట కనపడటానికి ఈ భయం ఒక కారణమని నా అభిప్రాయం. చట్టం లోహాన్ని మూసేసింది, కాగితాన్ని గుసగుసలాడేలా చేసింది. కాలం గడిచాక లోహం మిగులుతుంది, కాగితాన్ని చెదలు తింటాయి. మన దగ్గర ఖాళీ కనపడటం అందుకే. అంతర్యుద్ధపు అమెరికాతో పోల్చి మన వర్తకులు చిల్లర బాధే పడలేదనుకోవడం పెద్ద పొరపాటు.

అమెరికాలో జరిగిందేమిటో కొంచెం వివరంగా చెప్పాలి. 1862లో అక్కడ బంగారం, వెండి, చివరికి సెంటు నాణెం కూడా దాగిపోయాయి. జనం తపాలా బిళ్ళలతో చిల్లర ఇచ్చుకున్నారు. జాన్ గాల్ట్ అనే ఆయన తపాలా బిళ్ళను ఇత్తడి డిప్పలో పెట్టి పైన అభ్రకం రేకు బిగించి ఆ ఆగస్టులో పేటెంటు తీసుకున్నాడు. డిప్ప వెనక వర్తకుల ప్రకటనలు. ఆ తర్వాత వర్తకులు సెంటు సైజులో రాగి బిళ్ళలు పోయించారు. కొన్నిటి మీద దేశభక్తి నినాదాలు, కొన్నిటి మీద అంగడి పేర్లు. కొందరు "ఒక సెంటు" అని పెద్దగా చెక్కి "కాదు" అనే మాటను చిన్న అక్షరాల్లో ఇరికించారు, చట్టం నుంచి తప్పుకోవడానికి. సుమారు రెండున్నర కోట్ల బిళ్ళలు వచ్చాయని అంచనా. న్యూయార్కు సారాకొట్టు యజమాని గుస్టావస్ లిండెన్‌ముల్లర్ ఒక్కడే పదిలక్షలకు పైగా వదిలాడు. థర్డ్ అవెన్యూ గుర్రపు ట్రాం కంపెనీ అవి గుట్టగా పోగుచేసి మార్చమని పంపితే మార్చనన్నాడని చెబుతారు. 1864 ఏప్రిల్, జూన్ నెలల్లో వచ్చిన చట్టాలు ఆ బిళ్ళలకు తెరదించాయి. అంటే అక్కడ బిళ్ళ ముందు, చట్టం తర్వాత. ఇక్కడ చట్టం ముందు, కరువు తర్వాత. రెండు దేశాల పెట్టెల్లో ఏముందో, ఏం లేదో ఈ వరుసే తేల్చింది.

ఇంగ్లండులో ఇది అంతకన్నా పాతది. 1640ల అంతర్యుద్ధం తర్వాత ఊరూరా వర్తకులు రాగి, ఇత్తడి టోకెన్లు వేసుకున్నారు, 1672లో రాజాజ్ఞతో ఆగాయి. మళ్ళీ 1787లో ఆంగ్లెసీ ద్వీపంలోని పారిస్ మైన్ కంపెనీ ఒక ముసలి డ్రూయిడ్ తలతో పెన్నీ వేసి, తెచ్చినవారికి చెల్లిస్తామని దాని మీదే రాసింది. ఆ తర్వాతి పదేళ్ళలో వందల మంది అనుసరించారు. తెలుగువాళ్ళకు ఇందులో ఒక ముడి ఉంది. బర్మింగ్‌హాం దగ్గర సోహోలో ఆవిరియంత్రంతో నాణేలు అచ్చువేసిన మాథ్యూ బౌల్టన్ వర్తకుల టోకెన్లూ చేశాడు, ఈస్టిండియా కంపెనీకి నాణేలూ చేశాడు. 1794లో మన ఉత్తర సర్కారుల కోసం, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న తీరం కోసం, "రూపాయికి 48" అని రాసిన రాగి నాణేలు అక్కడ అచ్చయి ఓడలో వచ్చాయి. ఇంగ్లండు రాజు తన జనానికి ఆవిరియంత్రపు రాగి పెన్నీ ఇచ్చింది 1797లో. వర్తకులు టోకెన్లతో సర్దుకుంటున్న ఇంగ్లండు జనం కన్నా ముందే విశాఖపట్నం, మచిలీపట్నం సంతల్లో సోహో రాగి తిరిగింది. నా పెట్టెలో ఈ నాణేన్ని టోకెన్ల పక్కనే పెడతాను. వర్గీకరణ ప్రకారం తప్పే అయినా, ఒకే యంత్రం కింద నుంచి వచ్చిన తోబుట్టువులు అవి.

జర్మనీ నుంచి నేర్చుకోవాల్సింది ఒక హెచ్చరిక. 1914 నుంచి ఊళ్ళు, కార్ఖానాలు వేసిన అత్యవసర నోట్లను నోట్‌గెల్డ్ అన్నారు. జనం వాటిని ఏరి దాచుకోవడం చూసి 1921 నాటికి ఊళ్ళు దాచుకునేవాళ్ళ కోసమే రంగురంగుల బొమ్మల నోట్లు అచ్చేశాయి. అంతకు ముందే, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, ఇంగ్లండు టోకెన్లకూ ఇదే జరిగింది, అచ్చులు అటూ ఇటూ కలిపి లేని రకాలు పుట్టించి అమ్మారు. వాటితో ఎవరూ రొట్టె కొనలేదు. అందమైనది, కొత్తగా మెరిసేది, సెట్టుగా దొరికేది కనపడితే ముందు అనుమానించాలి. నలిగి, జిడ్డు పట్టి, నాలుగు మడతల మీద చిరిగినది మన దగ్గరికి వస్తే అది పనిచేసిన చీటీ.

మన దేశంలో నిలిచినవి ఏవి? మొదట సంస్థానాల కూపన్లు. బికనీరు, బూందీ, జునాగఢ్, మోర్బీ, నవానగర్ లాంటి రాజస్థాన్, సౌరాష్ట్ర సంస్థానాలు యుద్ధకాలంలో పైసా, అణా విలువతో చిన్న అట్టముక్కలు వేశాయి. రాజ్యం పేరు, కొన్నిటి మీద రాజు బొమ్మ ఉండటంతో జనం దాచుకున్నారు, పట్టికల్లోకి ఎక్కాయి, వేలంపాటల్లో ధర పలుకుతున్నాయి. బొంబాయి ట్రాం, బస్సుల కంపెనీ చిల్లరకు బదులు కూపన్లు ఇచ్చింది. బెంగళూరుకు ప్రత్యేకమైనవి యుద్ధఖైదీల శిబిరాల కూపన్లు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడ్డ ఇటాలియన్ సైనికులను జాలహళ్ళి వైపు శిబిరాల్లో ఉంచారు. ఖైదీ చేతిలో అసలు డబ్బుంటే పారిపోవడానికి పనికొస్తుంది కాబట్టి శిబిరం క్యాంటీనులో మాత్రమే చెల్లే కాగితాలిచ్చేవారు. సేకరించేవాళ్ళు వీటిని టోకెన్లలో కలిపేస్తారు. నేను విడిగా పెడతాను. అంగడి చీటీ లేని చిల్లరకు బదులు వచ్చింది, శిబిరం కూపను ఉన్న డబ్బును అందకుండా చేయడానికి వచ్చింది.

ఈ తేడా అస్సాం తేయాకు తోటల బిళ్ళల దగ్గర ఇంకా పదునుగా తగులుతుంది. గంజాం, విశాఖ జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగు కూలీల చేతుల్లో కూడా ఆ తోటల ఇత్తడి బిళ్ళలు పడ్డాయి. రోజు పనికి ఒక బిళ్ళ, తోట ఆఫీసులోనో తోటకు అలవాటైన అంగట్లోనో మారకం. తోట దాటితే అది ఉత్త ఇత్తడి. తోటలో చిల్లర లేదనేది యజమానుల సాకు. ఆ బిళ్ళలు నేటి మార్కెట్లో నాణ్యతను బట్టి, అరుదుతనాన్ని బట్టి ధర పలుకుతున్నాయి. ఆల్బంలో వాటి కింద తోట పేరు, లోహం, బరువు రాసి ఊరుకునేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. అది కూలీ రోజంతా వంగి ఆకు కోసిన లెక్క. ఆ మాట కూడా కింద ఉండాలి.

దొంగ సరుకు మాటకొద్దాం, ఎందుకంటే నగర్తపేట, అవెన్యూ రోడ్డు చుట్టూ అది ఎక్కువే. సీతారామలక్ష్మణుల పట్టాభిషేకం, ఎగిరే హనుమంతుడు, వెనక "ఈస్టిండియా కంపెనీ, 1818" అని ఉండే బిళ్ళలు చాలా ఇళ్ళల్లో పూజగదిలో కనపడతాయి. కంపెనీ అలాంటివి ఎన్నడూ వేయలేదు. రామటెంకెలనే పాత భక్తి బిళ్ళల సంప్రదాయం నిజమైనదే, దాని మీద కంపెనీ పేరు అతికించి ఇటీవల పోత పోసినవి ఇవి. ఇక్కడితో ఆగితే నష్టం కొద్దిగానే ఉండేది. "రైస్ పుల్లింగ్" పేరుతో రాగి నాణెం బియ్యపు గింజలను లాగుతుందని నమ్మించి లక్షలు దోచిన ముఠాల అరెస్టులు తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక పత్రికల్లో మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. పాత రాగి బిళ్ళ చూపించి కోట్లు చెప్పేవాడు ఎవరైనా సరే లేచి వచ్చేయాలి. యుద్ధకాలపు అసలు అంగడి చీటీ పాత పుస్తకాల కుప్పలో ఇరుక్కుని టీ ఖర్చుకు దొరుకుతుంది.

కాగితపు చీటీలనూ కొత్తగా అచ్చేసి టీ నీళ్ళలో ముంచి పాతబరిచేవాళ్ళున్నారు. గుర్తుపట్టడానికి తేదీలు మనకు సాయం చేస్తాయి. అణాల్లో విలువ ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది అయ్యే అవకాశం ఎక్కువ, ఆ రోజు నుంచి నయాపైసలు వచ్చాయి. "నయాపైస" అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. చిరునామాలో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. "కర్ణాటక" అని ఉంటే 1973 నవంబరు తర్వాతది. అంతకు ముందు మైసూరు రాష్ట్రం, ఇంకా ముందు పేటకు బెంగళూరు సిటీ అనీ, దండుకు సివిల్ అండ్ మిలిటరీ స్టేషను అనీ వేర్వేరు చిరునామాలు. అతినీలలోహిత దీపం కింద పెడితే కొత్త కాగితం నీలంగా మెరుస్తుంది, యుద్ధకాలపు కాగితానికి ఆ మెరుపు మందు లేదు. సీసపు అక్షరాలతో వేసిన అచ్చయితే వేలితో వెనక తడిమితే ఉబ్బు తగులుతుంది. ఒకసారి ఈ పరీక్షలేవీ చేయకుండా ఒక అమ్మకందారు మాట మీద కట్ట మొత్తం కొన్నాను. ఇంటికొచ్చి దీపం పెడితే కట్టంతా వెన్నెల్లా వెలిగింది. ఆ రోజు నుంచి దీపం సంచిలోనే ఉంటుంది.

దాచుకోవడంలో మన ఇళ్ళ అలవాట్లు రెండు శత్రువులు. ఒకటి చింతపండు. ఇత్తడి చెంబు తోమినట్టు బిళ్ళ తోమితే ఎనభై ఏళ్ళ పొర పోయి అక్షరాల అంచులు అరిగిపోతాయి, తర్వాత ఏమిచ్చినా తిరిగి రాదు. రెండోది లామినేషను. చీటీ మీద ప్రేమతోనే జెరాక్సు అంగట్లో ప్లాస్టిక్ వేయిస్తారు, అక్కడితో దాని బతుకు అయిపోతుంది. వేడికి సిరా కారుతుంది, కాగితాన్ని మళ్ళీ విడదీయలేం. చవక ప్లాస్టిక్ ఆల్బంలోని పీవీసీ రాగి మీద పచ్చని జిగురు పుట్టిస్తుంది. పీవీసీ కాని మంచి కవరులో పెట్టి, తేమ తగలని బీరువాలో బోర్లించి ఉంచితే చాలు. వెండిచేపల పురుగులున్న ఇంట్లో అట్టపెట్టెకన్నా రేకుపెట్టె మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది దొరికిన చోటు రాసుకోవడం. ఏ అంగడి, ఏ వీధి, ఏ కట్టలో, ఏ ఏటి చిట్టా పుస్తకం మధ్య. విడిగా చేతిలోకి వచ్చిన చీటీ ఒక అంగడి పేరు చెప్పి ఊరుకుంటుంది. 1943 చిట్టా పుటల మధ్య దొరికిన చీటీ ఆ రోజు బియ్యం ధర, ఆ రోజు బాకీదారులు, ఆ రోజు గల్లాలో ఎంత చిల్లర ఉందో కూడా చెబుతుంది. దళారీ మొదట చేసే పని చీటీని లాగి చిట్టాను తూకానికి వేయడం. చీటీకి వంద రూపాయలొస్తాయి, చిట్టా కిలోల లెక్క. ఆ ఒక్క కదలికతో పోయేది ఏ వేలంపాటలోనూ తిరిగి కొనలేం. పేటలో పాత అంగళ్ళు మూతపడి బహుళ అంతస్తుల ఎలక్ట్రికల్ సామాను భవనాలు లేస్తున్నప్పుడు మొదట వీధిలో పడేది మిద్దె మీది చిట్టాల మూటే. నాణేల సంఘాల మిత్రులకు నేను చేతులెత్తి అడిగేది ఇదే: కూల్చివేత మొదలైన ఇంటి ముందు నిలబడండి, బిళ్ళ అడగొద్దు, పుస్తకం అడగండి. అంగడి పెద్దాయన ఉంటే ఒక పూట కూచుని చిల్లర లేనప్పుడు మీ నాయన ఏమిచ్చేవారని అడగండి. మాట కూడా సేకరణే.

స్వతంత్రం వచ్చాక కూడా చిల్లర కరువు మన వెంటే నడిచింది. బంగ్లాదేశ్ యుద్ధం జరిగిన 1971లో చిన్న నాణేలను కరిగించడం, నాశనం చేయడం ఆపడానికి స్మాల్ కాయిన్స్ అఫెన్సెస్ యాక్ట్ తెచ్చారు. 1889 నాటి చట్టమూ, 1971 నాటి చట్టమూ రెండూ 2011 కాయినేజ్ యాక్ట్‌లో కలిసి రద్దయ్యాయి, ప్రైవేటు లోహపు డబ్బు మీద నిషేధం మాత్రం కొత్త చట్టంలోనూ కొనసాగింది. ఆ మధ్య దశాబ్దాల్లో కిరాణా కొట్టువాళ్ళు చాక్లెట్లు చేతిలో పెట్టారు. చాక్లెట్లు ఎవరూ దాచలేదు, దాచినా చీమలు మిగల్చవు. ఇప్పుడు నగర్తపేట గల్లా ముందు స్కాన్ చేసే కాగితం అతికించి ఉంటుంది, పదమూడు రూపాయలకు పదమూడే పోతుంది, చిల్లర మాటే రాదు.

ఒక్కచోట మాత్రం ఆ పాత చీటీ మొన్నమొన్నటి దాకా రోజూ పుట్టింది. ఆర్టీసీ బస్సులో, బెంగళూరు సిటీ బస్సులో కండక్టరు చిల్లర లేక టికెట్టు వెనక బాల్‌పెన్నుతో "5" అని రాసి సున్నా చుట్టేవాడు. దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. మరిచిపోతే పోయినట్టే. విలువ ఉంది, ఇచ్చినవాడి గుర్తుంది, చెల్లే హద్దుంది, గడువుంది. 1943 నాటి అట్టముక్క మీద ఏముందో అదంతా ఉంది. నా ఆల్బంలో చివరి పుట వాటిదే. మెజెస్టిక్ నుంచి వచ్చేటప్పుడు మార్కెట్టు స్టాపులో జనం తోపులాటలో దిగిపోయి తీసుకోకుండా ఉండిపోయిన నాలుగు టికెట్లు అక్కడున్నాయి. ఒక్కోదాని కింద రూటు నంబరు, తేదీ, బాకీ ఎంతో పెన్సిలుతో రాసి పెట్టాను.